జనపద రక్షణ

పాఠ్యభాగ ఉద్దేశం

ఒక వ్యాధిని ప్రజారోగ్య వ్యవస్థ ఏ విధంగా ఎదుర్కొంటుందో, ఆ కృషిలో ఔషధంతోపాటు విశ్వాసానికి ఎంతటి స్థానమున్నదో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

చరకసంహిత విమానస్థానంలో మూడవ అధ్యాయానికి జనపదోధ్వంసనీయమని పేరు. పాంచాల దేశంలోని కాంపిల్య నగర సమీపాన, గ్రీష్మాంత వేళ గంగాతీరంలో సంచరిస్తూ ఆత్రేయ మహర్షి తన శిష్యుడైన అగ్నివేశుడిని హెచ్చరిస్తాడు. వ్యాధులు ప్రబలక ముందే ఓషధులను సేకరించి ఉంచుకోవాలంటాడు. శిష్యుడికి ఒక సందేహం కలుగుతుంది. ప్రకృతి, ఆహారం, బలం, వయస్సు వేర్వేరుగా గల మనుషులు ఒకేసారి ఒకే వ్యాధికి ఎట్లా లోనవుతారు? గాలి, నీరు, నేల, కాలం - ఈ నాలుగూ అందరికీ సమానమైనవి కనుక అవి చెడినప్పుడు జనపదమంతా చెడుతుందని గురువు సమాధానం.

మన కాలంలో జనపదాలను వణికించిన హెచ్.ఐ.వి. ఈ నాలుగింటి ద్వారా వ్యాపించేది కాదు. దాని మార్గాలు వేరు. అసురక్షితమైన లైంగిక సంపర్కం, పరీక్షించని రక్తం, ఒకరు వాడిన సూదిని మరొకరు వాడడం, తల్లి నుండి బిడ్డకు సంక్రమించడం - ఇవి నాలుగే ఆ మార్గాలు. కలసి భోజనం చేయడం వల్ల గాని, చేయి కలపడం వల్ల గాని, ఒకే బల్లపై కూర్చొని చదువుకోవడం వల్ల గాని అది సోకదు. అయినా లోకం చాలాకాలం ఆ వ్యాధిని గాలిలో వచ్చే మహమ్మారిగానే చూచింది. వ్యాధిగ్రస్తుడి కంచాన్ని వేరుచేసింది. కొన్నిచోట్ల మనిషినే వెలివేసింది. కాబట్టి ఈ వ్యాధిపై పోరు రెండు విధాలుగా సాగవలసి వచ్చింది. ఒకటి వైరస్‌పై పోరు, రెండవది భయంపై పోరు.

ఈ భయం రాయలసీమ పడమటి మండలాలకు కొత్త కాదు. క్షయ పేరు వింటేనే ఇంటివారు సైతం దూరంగా జరిగే రోజుల్లో, 1915లో, మదనపల్లె చేరువన క్షయరోగులకోసం ఒక చికిత్సాలయం వెలసింది. డెన్మార్క్ దేశస్థుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్ దానికి తొలినాటి సారథి. ఆ స్థలానికి ఆరోగ్యవరమని పేరు వచ్చింది. దేశంలో క్షయ నివారణకై బి.సి.జి. టీకా వేయడం 1948లో మొదలైనప్పుడు అందుకు మదనపల్లె తొలి వేదికలలో ఒకటయింది. రోగిని దాచిపెట్టడం వల్ల వ్యాధి తగ్గదని, వెదకి గుర్తించి చికిత్స చేయడం వల్లనే తగ్గుతుందని ఆ అనుభవం చాటింది.

మన దేశంలో హెచ్.ఐ.వి.ని తొలిసారిగా 1986లో చెన్నైలో కనుగొన్నారు. డాక్టర్ సునీతి సోలమన్, ఆమె శిష్యురాలు డాక్టర్ సెల్లప్పన్ నిర్మల ఆ పరిశోధనకు మూలకారకులు. 1992లో కేంద్రప్రభుత్వం జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థను నెలకొల్పింది. 1998లో ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఏర్పడింది. 2007లో మొదలైన జాతీయ కార్యక్రమం మూడవ దశలో జిల్లాస్థాయి విభాగాలు వచ్చాయి. ఢిల్లీలో రూపొందిన విధానం కుప్పం వంటి సరిహద్దు పట్టణం దాకా చేరడానికి ఇన్ని మెట్లు అవసరమయ్యాయి.

2005-06 సంవత్సరాల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 సంవత్సరాల మధ్య వయస్కులలో 0.97 శాతం మందికి హెచ్.ఐ.వి. ఉన్నది. అప్పటి దేశ సగటు 0.28 శాతం మాత్రమే. 2023 నాటి అంచనాలలో, విభజనానంతర ఆంధ్రప్రదేశ్‌లో అది సుమారు 0.62 శాతం, దేశ సగటు 0.20 శాతం. తీవ్రత తగ్గినా రాష్ట్రం ఇంకా దేశ సగటుకు పైనే ఉన్నదని ఈ అంకెలు తెలుపుతున్నాయి.

ఈ మూడు పట్టణాల స్వభావాన్ని గమనిస్తే నివారణ కార్యక్రమం ఎందుకు అనేక శాఖలుగా విస్తరించిందో బోధపడుతుంది. మదనపల్లె టమోటా మార్కెట్టు నుండి లారీలు దేశం నలుమూలలకూ వెళతాయి. పుంగనూరు మదనపల్లె, పలమనేరు మార్గంలో ఉన్న ఊరు. కుప్పం కర్ణాటక, తమిళనాడు సరిహద్దుల నడుమ, బెంగళూరు - చెన్నై రైలుమార్గంపై ఉన్నది. ఉపాధికై బెంగళూరుకు వెళ్ళివచ్చేవారు అక్కడ ఎందరో. నెలలో సగం రోజులు ఇంటికి దూరంగా గడిపే లారీ డ్రైవరును, తెల్లవారకముందే రైలెక్కే కూలీని ఆసుపత్రికి రమ్మని పిలిస్తే సరిపోదు. ఆసుపత్రే వారున్న చోటికి వెళ్ళాలి. అందుకే వలస కార్మికులు, లారీ డ్రైవర్లు, లైంగిక వృత్తిలో ఉన్న స్త్రీలు మొదలైన వారి మధ్య పనిచేసే బాధ్యతను ప్రభుత్వం స్వచ్ఛంద సంస్థలకు అప్పగించింది. ఆ సంస్థలు ఆయా సమూహాల నుండే కొందరిని ఎన్నుకొని శిక్షణనిస్తాయి. తమలో ఒకరు చెప్పిన మాటను మనుషులు త్వరగా నమ్ముతారు. కండోములు పంచడం, సుఖవ్యాధులకు చికిత్స చేయించడం, పరీక్షకు వెంటబెట్టుకొని రావడం వీరి పని.

పరీక్ష విధానంలోనూ ఒక క్రమమున్నది. గ్రామస్థాయిలో వేలికొసన తీసిన రక్తబిందువుతో జరిగే పరీక్ష తొలి జల్లెడ మాత్రమే. అందులో వ్యాధి సూచన కనిపించినంత మాత్రాన నిర్ధారణ అయినట్లు కాదు. ఆ వ్యక్తిని ప్రభుత్వ ఆసుపత్రిలోని సమగ్ర సలహా, పరీక్షా కేంద్రానికి పంపుతారు. అక్కడ కౌన్సెలర్ ఏకాంతంగా మాట్లాడి, పరీక్ష ఎందుకో వివరించి, సమ్మతి పొందిన తరువాతనే రక్తం తీస్తారు. మూడు వేర్వేరు పరీక్షలలోనూ సూచన కనిపిస్తేనే వ్యాధి ఉన్నట్లు నిర్ధారిస్తారు. వైరస్ సోకిన తొలి వారాలలో రక్తంలో దాని జాడ దొరకకపోవచ్చు. అట్టి అనుమానం ఉన్నవారిని మూడు నెలల తరువాత మరల రమ్మంటారు. ఫలితాన్ని ఆ వ్యక్తికి మాత్రమే తెలుపుతారు.

గర్భిణులందరికీ ఈ పరీక్ష చేయించుకొనే అవకాశం కల్పించడం కార్యక్రమంలో ముఖ్యాంశం. చికిత్స అందని తల్లి నుండి బిడ్డకు వైరస్ సంక్రమించే అవకాశం 15 నుండి 45 శాతం దాకా ఉంటుంది. సకాలంలో చికిత్స అందితే అది 5 శాతానికి లోపే. తల్లి ముందుగా చేయించుకొన్న ఒక్క పరీక్ష బిడ్డ భవితవ్యాన్ని మార్చగలదు. క్షయరోగులకు హెచ్.ఐ.వి. పరీక్ష, హెచ్.ఐ.వి. ఉన్నవారికి క్షయ లక్షణాల పరిశీలన కూడా తప్పనిసరిగా చేపడతారు. ఈ రెండు వ్యాధులూ ఒకదానికొకటి తోడుగా నిలిచి దేహాన్ని కృశింపజేయడమే అందుకు కారణం.

నిర్ధారణ తరువాతి మెట్టు ఏ.ఆర్.టి. కేంద్రం. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఈ మందులను ఉచితంగా ఇవ్వడం ప్రారంభించింది. తొలినాళ్ళలో రోగనిరోధక శక్తి బాగా క్షీణించిన వారికే మందులు మొదలుపెట్టేవారు. 2017 నుండి వ్యాధి నిర్ధారణ అయిన ప్రతివారికీ వెంటనే చికిత్స ఆరంభించే విధానం వచ్చింది. మందులు క్రమం తప్పక వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిన స్థితిని నిలుపుకొన్న వ్యక్తి నుండి లైంగిక సంపర్కం ద్వారా ఇతరులకు అది సోకదు. ఈ విధంగా ఒకరి చికిత్సయే మరొకరి రక్షణగా పరిణమించింది.

ఇంతటి ఏర్పాటును వ్యర్థం చేయగలిగినది లోకనింద. ఒక ఉదాహరణను ఊహించుకొనవచ్చు. పుంగనూరు సమీప గ్రామంలో ఒక యువతి ఉన్నది. మందులు అందే చోటు దగ్గరే. కాని అక్కడి వరుసలో తెలిసినవారు ఎదురవుతారేమోనని ఆమె రెండు బస్సులు మారి దూరపు పట్టణానికి వెళుతుంది. ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీలు అదనం. ఒక నెల చేతిలో డబ్బు లేక ఆగిపోతుంది. మందు ఆగిన చోట వైరస్ మరల తలయెత్తుతుంది. ఆమెను ఆపినది దారిద్ర్యమొక్కటే కాదు. ఊరి చూపు కూడా.

ఈ చూపుకు అడ్డుకట్ట వేయడానికే 2017లో హెచ్.ఐ.వి., ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం రూపొంది, 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోకి వచ్చింది. సమ్మతి లేనిదే పరీక్ష చేయరాదు, ఫలితాన్ని బయటపెట్టరాదు, చదువులో, ఉద్యోగంలో, వైద్యంలో వివక్ష చూపరాదు అని ఆ చట్టం శాసించింది. సందేహాలున్నవారు 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. కళాశాలల్లోని రెడ్ రిబ్బన్ క్లబ్బులు ఈ విషయాలను యువతకు చేరవేయడానికి ఏర్పడినవే.

వ్యాధి ప్రబలక ముందే ఓషధులను సమకూర్చుకొమ్మని ఆత్రేయుడు చెప్పాడు. నేడు ఓషధులు సమకూరాయి. అవి పట్టణ ఆసుపత్రుల దాకా వచ్చాయి. అక్కడి తలుపు తట్టడానికి ఒక మనిషి జంకకుండా ఉండాలంటే పొరుగువాడి మాటలో ఆదరం ఉండాలి. దానిని ఏ కార్యాలయమూ పంపిణీ చేయలేదు. అది ఊరివారు ఇవ్వవలసినదే.

అభ్యాసం

అ. అర్థాలు
జనపదం : దేశభాగం, జనులు నివసించే ప్రాంతం
గ్రీష్మాంతం : వేసవి ముగిసే కాలం
సమ్మతి : అంగీకారం
వివక్ష : తారతమ్య భావంతో చూడడం
లోకనింద : జనులు వేసే అపవాదు

ఆ. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. హెచ్.ఐ.వి. పరీక్షా విధానంలోని క్రమాన్ని వివరించండి.
2. "ఒకరి చికిత్సయే మరొకరి రక్షణ" అన్న మాటను పాఠం ఆధారంగా సమర్థించండి.

ఇ. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. జనపదమంతా వ్యాధికి లోనుకావడానికి ఆత్రేయుడు చెప్పిన నాలుగు కారణాలేవి?
2. ఆరోగ్యవరం చికిత్సాలయం ఏ వ్యాధిగ్రస్తుల కోసం వెలసింది?
3. ఉచితంగా ఏ.ఆర్.టి. మందులు ఇవ్వడం ఎప్పుడు ప్రారంభమైంది?