అద్దెయింట కాపురమున్న అపొస్తలుడు

పఠన భాగములు: ఆదికాండము 23, లేవీయకాండము 25:29–37, అపొస్తలుల కార్యములు 28:16–31

అపొస్తలుల కార్యముల గ్రంథము దేవాలయములో ముగియలేదు, రోమా పట్టణమందలి యొక అద్దెయింటిలో ముగిసినది. పౌలు అక్కడ రెండేండ్లుండి, వచ్చినవారినందరిని చేర్చుకొనెనని లూకా వ్రాసెను. ఆనాటి రోమాలో సామాన్య జనులనేకులు అంతస్తుల కట్టడములలో ఇరుకు గదులకు అద్దె చెల్లించి బ్రదికిరి. పౌలు అద్దె సొమ్ము ఎక్కడిదో లూకా చెప్పలేదు. అయితే చెరలోనున్న అతనికి ఫిలిప్పీ సంఘము ఎపఫ్రొదితు చేత కానుక పంపినది. దూరపు సంఘమొకటి పట్టణములోనివాని ఖర్చును తన ఖర్చుగా ఎంచుకొన్నది. ఈ మాటను మనస్సున నుంచుకొని చదువుదము.

మన సంఘముల బిడ్డలనేకులు ఇప్పుడు హైదరాబాదులో నున్నారు. నల్లగొండ, సూర్యాపేట వైపునుండి పోవువారికి ఎల్బీనగరే పట్నపు గుమ్మము. దిల్‌సుఖ్‌నగరులో కోచింగు, హాస్టళ్లు. చంపాపేట సందులలో అద్దె గదులు. 2007లో ఎల్బీనగరు పురపాలక సంఘము మహానగరములో కలిసెను. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేటనుండి ఎల్బీనగరు వరకు మెట్రో రైలు నడువ నారంభించెను. దారి దగ్గరైన చోట గదికి గిరాకీ హెచ్చుట సహజమే గదా.

ఒక లెక్క వేసి చూడుడి. నెలకు 18,000 రూపాయలు తెచ్చు యువకుడు భార్యాబిడ్డలతో 7,000 అద్దెకు రెండు గదులు తీసికొనెననుకొందము. రెండు నెలల అడ్వాన్సు 14,000, మొదటి నెల అద్దె 7,000. గడపలో కాలు పెట్టకముందే 21,000 పోయినవి. బ్రోకరుకు, సామాను ఆటోకు వేరు. తరువాత నెలనెలా మిగులు 11,000లోనే బియ్యము, పాలు, బడి ఫీజు, మందులు. ఇట్టివానికి మనము ఫోను చేసి, “పట్నంల నౌకరి గదా బిడ్డా, ఏమన్న పంపు” అనుచున్నాము. అతడు లేదనలేక నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి పంపును. బీదపడిన సహోదరునియొద్ద వడ్డీ తీసికొనవద్దని లేవీయకాండము ఆజ్ఞాపించుచుండగా, మన బిడ్డను ఆ వడ్డీవాని గడపకు మనమే నెట్టుట న్యాయము కాదని మా అభిప్రాయము.

అదే అధ్యాయములో మరియొక సంగతి గలదు. ప్రాకారముగల పట్టణములో అమ్మిన యింటిని ఒక సంవత్సరములోగా విడిపింపకపోయినయెడల అది కొన్నవానికే నిలుచును. పల్లెయిల్లు అట్లు కాదు. అది పొలముతో సమానముగా ఎంచబడి సునాదకాలమున తిరిగి వచ్చును. పట్టణపుటింటికి, పల్లెయింటికి భేదమున్నదని ధర్మశాస్త్రమే యెరిగియున్నది. కావున పట్నపు అద్దె కొరకు ఊరి యిల్లు తాకట్టు పెట్టువారు ఒకటికి రెండుమార్లు యోచింపవలెను. మనకు సునాద సంవత్సరము లేదు.

చట్టము అడ్డు నిలువదా అని కొందరడుగుదురు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టము గలదు గాని, 2005 సవరణతో నగరపాలక సంస్థలలో నెలకు 3,500 మించిన అద్దెలు దాని చేతికి వెలుపలనే యుండిపోయినవి. ఏడాదికి మించిన కౌలు పత్రమును రిజిస్టరు చేయవలెనని 1908 నాటి శాసనము; అందుకే అందరును పదునొకండు నెలల కాగితమే వ్రాయుదురు. ఆ కాగితమైనను చదివి సంతకము చేయవలెను. అడ్వాన్సు ఎప్పుడు తిరిగి యిచ్చెదరో అందులో వ్రాయించుకొనుడి. ఊరి రేషను కార్డు పట్నములోను చెల్లును. 2019 ఆగస్టునుండి ఆంధ్ర కార్డునకు తెలంగాణలోను బియ్యము దొరకుచున్నది. ఇది తెలియక బజారు బియ్యము కొనువారు ఎందరో.

డబ్బుకంటె కష్టమైనది మరియొకటి. గేటు దగ్గరనే “మీరేమిట్లు?” అని అడిగి, కులము విని, లేదా మాంసము వండుదురని తెలిసి, గది ఖాళీ లేదనువారున్నారు. యజమానులందరు ఇట్టివారని చెప్పము. అద్దెయే ఆధారముగా బ్రదుకు వృద్ధులును వారిలో నున్నారు. అయినను అద్దెయింట మరణము సంభవించినప్పుడు శవమును లోనికి తేనీయకపోవుట హైదరాబాదులో పలుమార్లు జరిగినది. ఆసుపత్రినుండి వచ్చిన దేహముతో కుటుంబము వీధిలో నిలిచినది.

అబ్రాహాము సంగతి చూడుడి. జీవితకాలమంతయు గుడారములలో నుండి, శారా చనిపోయిన దినమున పరదేశిగా హేతు కుమారులయెదుట నిలిచి సమాధికి స్థలమడిగెను. వారు తమ శ్రేష్ఠమైన సమాధులలో పాతిపెట్టుకొమ్మనిరి. అతడు 400 తులముల వెండి తూచి మక్పేలా పొలమును కొనెను. ఆ యన్యులు చూపిన మర్యాదను మనము చూపలేమా?

కాబట్టి ఈ నెల పెద్దల కూటములో రెండు పనులు చేయుదము. పట్నమున నున్న మన బిడ్డల పేరులు, వారి వీధులు, దగ్గరి సంఘములు ఒక పుస్తకములో వ్రాయుదము. దుఃఖవార్త వచ్చినయెడల ఏ వేళనైనను దేహమును గుడిలో ఉంచనిత్తుమని తీర్మానము వ్రాసి, ఆ పట్నపు సంఘములకును ఉత్తరము పంపి, వారి గుడినిగూర్చి యడుగుదము. మన గుడి తాళపుచెవి రాత్రివేళ ఎవరియింట నుండునో కూడ ఆ పుస్తకములోనే వ్రాయవలెను.