అరకు పిట్టల కోసం చీరాల నుంచి వెళ్లేవాళ్లకు

1. వాడరేవులో అలవాటైన చూపు అక్కడ పనికిరాదు. మన సముద్రపు ఒడ్డునో, సూర్యలంక పక్క బురదనేలల్లోనో పిట్ట ఎంత దూరాన ఉన్నా కనబడుతుంది. అనంతగిరి, అరకు కాఫీ తోటల్లో నెత్తి మీదే ఉన్నా ఆకు అడ్డం. ముందు చెవి, తర్వాతే బైనాక్యులర్. కూత వినబడ్డచోట ఆగి, కొమ్మ కదిలేదాకా ఓపిక పట్టాలి.

2. కాఫీ మొక్కను కాదు, దాని పైనున్న చెట్టును చూడండి. అక్కడ కాఫీ నీడన పెరిగే పంట. నీడకు వేసిన సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా నుంచి వచ్చిన చెట్టు. నిటారుగా పెరుగుతుంది, మిరియాల తీగ పాకించడానికి అనువు, రైతుకు రెండో ఆదాయం. తప్పుపట్టను. కానీ పండ్లు తినే పిట్టకు దాని మీద ఏముంది? మర్రి, మేడి, పనస లాంటి పాత చెట్లు మిగిలిన తోట ఎక్కడుందో అడిగి అక్కడికి పొండి. మేడి పండితే పచ్చపావురాలు, కొండగోరింకలు, పిగిలిపిట్టలు ఆ ఒక్క చెట్టుకే వస్తాయి. పూట అక్కడే గడిచిపోతుంది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని మురిసే మనం, అది ఏ చెట్టు నీడన పండిందో కూడా అడగాలన్నది నా గోల.

3. వలస పిట్టలకు డిసెంబరు, జనవరి మంచి నెలలు. కాఫీ పండ్ల కోత కూడా అప్పుడే. అవి గిరిజన రైతుల తోటలు, పార్కులు కావు. అడిగి అడుగు పెట్టండి.

4. బొటనవేలంత పిట్టను చిన్నచూపు చూడకండి. గ్రీనిష్ వార్బ్లర్ ఉత్తరాది కొండల నుంచి వచ్చి మన తూర్పు కనుమల్లో చలికాలం గడుపుతుంది. తన జాగాలోకి తన జాతిదే ఇంకొకటొస్తే తరిమేస్తుంది. దాని చలికాలపు బతుకు మీద పక్షి శాస్త్రవేత్త ట్రెవర్ ప్రైస్ పరిశోధన 1981లో అచ్చయింది. ఈ కొండల పిట్టల మీద ఆయనతో కలిసి పనిచేసినవారు విశాఖకు చెందిన కె.ఎస్.ఆర్. కృష్ణరాజు. పాలపిట్టను గుర్తుపట్టే తెలుగువాళ్లలో కూడా ఆయన పేరు విన్నవాళ్లు తక్కువ. నాకు అదే కష్టంగా ఉంటుంది.

5. ఫోన్లో కూత వినిపించి పిట్టను రప్పించకండి. పొరుగు పిట్ట చొరబడిందనుకుని మేత మానేసి వెతుక్కుంటుంది.

6. విశాఖలో పొద్దున్నే అరకు మీదుగా పోయే కిరండూల్ పాసింజరు ఎక్కి, అద్దాల బోగీలో సీటు దొరికిందని సంబరపడితే పిట్టల వేళ కాస్తా సొరంగాల్లోనే అయిపోతుంది. ముందురోజే వెళ్లి పడుకోండి. తెల్లారేసరికి తోటలో ఉండాలి. కాఫీ తొమ్మిదింటికి తాగొచ్చు.