అచ్చుపుస్తకము – అద్దపు పలక

విద్య ఒక తరమువారి నుండి మరియొక తరమువారికి చేరవలెనన్న ఏదో ఒక సాధనము కావలెను. పూర్వము మన వీధిబడులలో బాలుడు మొదట ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దెడివాడు. పెద్ద గ్రంథములు తాటియాకుల మీద ఉండెడివి. ఘంటముతో ఆకుపై గీచి, ఆ గీతలలో మసి పూసినగాని అక్షరములు స్పష్టముగా కనబడెడివి కావు. ఒక్క గ్రంథమునకు ప్రతి వ్రాయుటకు ఎన్నో దినములు పట్టెడిది. అందుచేత గ్రంథము గురువుగారి యింట ఉండెడిది; పాఠము శిష్యుని నోట ఉండెడిది.

అచ్చుయంత్రము వచ్చిన పిదప ఈ స్థితి మారినది. ఒకే పుస్తకము వేలకొలది ప్రతులుగా వెలువడ నారంభించెను. పట్టణములోని బాలుడును, మారుమూల పల్లెలోని బాలికయు ఒకే పాఠమును ఒకే పుటలో చదువగలిగిరి. అయితే చదివినదానిని కంఠస్థము చేయు అలవాటు కొంత సన్నగిల్లినది. సాధనము మారినప్పుడెల్ల కొంత లాభమును కొంత నష్టమును కలుగుచునే యుండును. ఆ రెంటిని తూచి చూచుకొని ముందడుగు వేయుట వివేకవంతుల లక్షణము.

నేడు అట్టి మార్పు మరియొకటి పాఠశాలల ముంగిట నిలిచియున్నది. అచ్చుపుస్తకమునకు బదులుగాగాని, తోడుగాగాని, కంప్యూటరు తెర మీదను, టాబ్లెట్ అనెడి అద్దపు పలక మీదను పాఠములు నేర్చు పద్ధతి అనేక దేశములలో వ్యాపించినది. దీనినే డిజిటల్ విద్య యందురు.

ఈ పలక చేయగల పనులు సామాన్యమైనవి కావు. గుండె ఎట్లు కొట్టుకొనునో, గ్రహణము ఎట్లేర్పడునో పుస్తకములోని బొమ్మ నిశ్చలముగా చూపును. తెర మీది బొమ్మ కదలి చూపును. చూపు మందగించిన బాలునికి అది అక్షరములను పెద్దవి చేయును. చూపు లేని బాలునికి పాఠమును చదివి వినిపించును. లెక్కలో తప్పు దొరలినచో ఆ క్షణముననే తెలుపును. వందలకొలది పుస్తకములు ఒక్క పలకలో ఇమిడిపోవును. ఇవి గొప్ప సౌకర్యములే.

కాని పుస్తకము చదువుటకు కన్నులును పగటి వెలుతురును చాలును. పలకకు విద్యుచ్ఛక్తి కావలెను. తరచుగా అంతర్జాలము కావలెను. చెడిపోయినచో బాగుచేయువారు కావలెను. అన్న చదివిన పుస్తకము తమ్మునికిని పనికివచ్చును. పలక కొన్ని యేండ్లకే పాతబడిపోవును. కావున ఈ మార్పును తలపెట్టిన దేశముల అనుభవమును పరిశీలించుట మేలు.

దక్షిణ అమెరికాలో ఉరుగ్వే అను చిన్న దేశము కలదు. ధనికుల పిల్లలకు కంప్యూటరు లభించుచుండగా పేదల పిల్లలు దానికి దూరమగుట న్యాయము కాదని అచ్చటి ప్రభుత్వము భావించినది. తబారే వాస్కెస్ అధ్యక్షుడుగా నున్న కాలమున, 2007వ సంవత్సరము మే నెలలో, కార్డాల్ అను పల్లెలోని బడిపిల్లలకు మొదటగా చిన్న కంప్యూటర్లను పంచిరి. ఈ పథకమునకు సేబాల్ అని పేరు. 2009 నాటికి దేశములోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల విద్యార్థులందరికిని, వారి ఉపాధ్యాయులకును కంప్యూటర్లు అందినవి. అవి పిల్లలు ఇంటికి తీసికొనిపోదగినవి. పేదల యిండ్లలో సైతము కంప్యూటరు వెలసెను. ఇంత సమానముగా ఈ సౌకర్యమును పంచిన దేశములు అరుదు.

తరువాత పరిశోధకులు మరియొక ప్రశ్న వేసిరి. కంప్యూటరు వచ్చినందున పిల్లల చదువు పెరిగినదా? పథకపు తొలి యేండ్ల ఫలితములను పరిశీలింపగా గణితమునందుగాని పఠనమునందుగాని చెప్పుకోదగిన వృద్ధి కానరాలేదు. వస్తువు ఇంటికి చేరుట ఒకటి. దానితో ఏమి నేర్పవలెనో, ఎట్లు నేర్పవలెనో ఉపాధ్యాయునికి తెలియుట మరియొకటి. ఆ సంగతి గ్రహించి సేబాల్ నిర్వాహకులు ఉపాధ్యాయుల శిక్షణకును, పాఠముల తయారీకిని తరువాతి కాలమున ఎక్కువ శ్రద్ధ వహించిరి. 2020లో కరోనా వ్యాధి వలన పాఠశాలలు మూతపడినప్పుడు, ముందుగనే వేసికొన్న ఈ పునాది ఆ దేశమునకు అక్కరకు వచ్చినది.

ఐరోపాలోని స్వీడన్ దేశపు కథ మరియొక విధమైనది. అది సంపన్న దేశము. అచ్చట అనేక పాఠశాలలలో విద్యార్థి కొక కంప్యూటరు చొప్పున ఇచ్చిరి. 2019లో అమలునకు వచ్చిన ప్రణాళిక ననుసరించి శిశుపాఠశాలలలో సైతము డిజిటల్ సాధనములను ఉపయోగింపవలసి వచ్చెను. నాలుగవ తరగతి విద్యార్థుల పఠనశక్తిని పరీక్షించు అంతర్జాతీయ పరీక్ష యొకటి కలదు. అందు స్వీడన్ పిల్లల సగటు మార్కులు 2016లో 555 కాగా, 2021లో 544కు తగ్గినవి. ఆ మార్కులు అప్పటికిని అంతర్జాతీయ సగటు కంటె అధికమే. అయినను ఆ దేశపు పెద్దలు కలవరపడిరి. కరోలిన్‌స్కా అను ప్రసిద్ధ వైద్యవిద్యాసంస్థలోని పరిశోధకులు 2023లో తమ అభిప్రాయమును తెలుపుచు, అచ్చుపుస్తకమునకును ఉపాధ్యాయుని పాండిత్యమునకును తిరిగి ప్రాధాన్యము నీయవలెనని సూచించిరి.

ఆ సంవత్సరముననే స్వీడన్ ప్రభుత్వము క్రొత్త డిజిటల్ ప్రణాళికను ప్రక్కకు పెట్టి, పాఠ్యపుస్తకములు కొనుటకు 68 కోట్ల 50 లక్షల క్రోనర్లు కేటాయించినది. పాఠ్యపుస్తకములు విద్యార్థులకు అందుబాటులో ఉండవలెనను నియమమును 2024 జూలై 1వ తేదీ నుండి చట్టములో బలపరచినది. అట్లని కంప్యూటర్లను బడుల నుండి వెళ్లగొట్టలేదు. మార్కులు తగ్గుటకు తెర ఒక్కటే కారణమని నిశ్చయముగా చెప్పుటకును వీలులేదు. కరోనా కాలపు ఇక్కట్లు ఉన్నవి. ఇంటిభాష వేరైన పిల్లల సంఖ్యయు పెరిగినది. పసిపిల్లలు మొదట పుస్తకము పట్టి చదువ నేర్వవలెనని మాత్రము వారు నిర్ణయించుకొనిరి.

దక్షిణ కొరియా అనుభవము ఇంకను ఇటీవలిది. విద్యార్థి శక్తి ననుసరించి పాఠమును మార్చి చెప్పు కృత్రిమ మేధ గల డిజిటల్ పాఠ్యపుస్తకములను ఆ దేశము 2025 మార్చిలో కొన్ని తరగతులకు ప్రవేశపెట్టెను. తగిన శిక్షణ లేదని ఉపాధ్యాయులును, పిల్లలు తెరలకు అంటుకొనిపోవుదురని తల్లిదండ్రులును ఆందోళన చెందిరి. అదే సంవత్సరము ఆగస్టులో ఆ దేశపు శాసనసభ వాటికి పాఠ్యపుస్తకముల హోదాను తొలగించి, సహాయక సామగ్రిగా మాత్రమే ఉంచినది. నాలుగైదు నెలలలోనే నిర్ణయము తలక్రిందులైనది. ఉపాధ్యాయుని సిద్ధపరచకుండ సాధనమును బడికి పంపినచో ఇట్టి చిక్కులు తప్పవు.

పుస్తకములో చదువుటకును తెర మీద చదువుటకును భేద మున్నదా? ఈ విషయమై 2000 నుండి 2017 వరకు జరిగిన 54 అధ్యయనములను పరిశోధకులు ఒకచోట చేర్చి పరిశీలించిరి. వానిలో పాల్గొన్నవారు లక్షా డెబ్బది వేలకు పైగా ఉందురు. కథలు చదువునప్పుడు భేదము కనబడలేదు. విషయములను బోధించు వ్యాసములు చదువునప్పుడు మాత్రము కాగితము మీద చదివినవారు కొంత మెరుగుగా గ్రహించిరి. కాలపరిమితి విధించినప్పుడు ఆ భేదము అధికమయ్యెను. తెర మీద కన్ను త్వరత్వరగా జారిపోవును. చదివినదంతయు అర్థమైనదని మనస్సు భ్రమపడును. ఇది ఈ భేదమునకు పలువురు చెప్పు కారణము.

తెలుగునాట కూడ ఈ మార్పు కొంతకాలముగా జరుగుచున్నది. 2017లో కేంద్రప్రభుత్వము దీక్ష అను వేదికను ప్రారంభించినది. పాఠ్యపుస్తకపు పుటలో అచ్చువేసిన క్యూఆర్ గుర్తును ఫోనుతో చూచినచో, ఆ పాఠమునకు సంబంధించిన చిత్రపాఠము తెరమీద ప్రత్యక్షమగును. ఇందు పుస్తకమునకును తెరకును వైరము లేదు. ఒకటి మరియొకదానికి తోడు.

2020లో బడులు మూతపడినప్పుడు తెలుగు రాష్ట్రములు రెండును దూరదర్శన్ ద్వారా పాఠములు ప్రసారము చేసినవి. అప్పుడొక కఠిన సత్యము వెల్లడియైనది. ఇంట ఒక్కటే ఫోను ఉన్నచోట, దానిని తండ్రి పనికి తీసికొనిపోయిన పిదప అక్కకును తమ్మునికిని పాఠము లేకపోయెను. ఫోను ఉండియు అంతర్జాలము అందని పల్లెలలో పిల్లలు వెనుకబడిరి. వారి చేతిలో మిగిలినది అచ్చుపుస్తక మొక్కటే. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రభుత్వ పాఠశాలలలో ఎనిమిదవ తరగతి చదువుచున్న విద్యార్థులకు టాబ్లెట్లను పంచ నారంభించినది. అంతర్జాలము లేనిచోట కూడ ఉపయోగపడునట్లు వానిలో పాఠములను ముందుగనే నింపిరి. అందరికిని అందవలెనన్న ఇట్టి ఏర్పాటు అవసరమే.

ఈ దేశముల అనుభవమును కలిపి చూచినచో ఒక విషయము తేటపడును. పుస్తకము మంచిదా, పలక మంచిదా అని వాదించుట వలన ప్రయోజనము స్వల్పము. ఏ సాధనము వచ్చినను మూడు ప్రశ్నలు వేసికొనవలెను. అది తరగతిలోని కడపటి బాలునికి కూడ అందుచున్నదా? దానితో బోధించుటకు ఉపాధ్యాయుడు సిద్ధముగా నున్నాడా? విద్యార్థి దానివలన ముందుకంటె ఎక్కువ నేర్చుకొనుచున్నాడా? ఈ మూడింటికిని ఔనను సమాధానము వచ్చునంతవరకు అచ్చుపుస్తకమును పిల్లల చేతినుండి తీసివేయుట తగదు.

విద్యార్థులును తమవంతు వివేకము చూపవలెను. కదలు బొమ్మ వలన తెలియవలసినదానిని తెర మీద చూడవలెను. నిలిచి ఆలోచింపవలసినదానిని పుస్తకములో నెమ్మదిగా చదువవలెను. చదివినదానిని సొంతమాటలలో నోటుపుస్తకమున వ్రాసికొనవలెను. తెర మూసిన తరువాతను, పుస్తకము మూసిన తరువాతను ఏమి జ్ఞాపకమున్నదో తమ్ముతామే ప్రశ్నించుకొనవలెను. వీధిబడి పిల్లవాడు ఇసుకలోని అక్షరము చెరిగిపోయినను దానిని మరువకుండెను గదా! ఇసుక యైనను, కాగిత మైనను, అద్దపు పలక యైనను, వానిపై నున్న పాఠము మనస్సున నిలిచినప్పుడే అది చదువగును.