పొగవేడికి ఎండ తోడు

అన్నం దించాక పొయ్యిలో మిగిలిన నిప్పుమీద నీళ్ళకాగు పెడతారు, చూశారా? ఇదే పొదుపు విద్యుత్కేంద్రంలోనూ సాధ్యమే.

అల్జీరియాలో, సహారా ఎడారిలోని హస్సీ ర్మెల్ వద్ద 2011లో 150 మెగావాట్ల కేంద్రం ప్రారంభమైంది. అక్కడ సహజవాయువును మండించి గ్యాస్ టర్బైన్లను తిప్పుతారు. వాటినుంచి వెలువడే పొగ వేడి 500 డిగ్రీల సెంటిగ్రేడ్‌కు పైమాటే! ఆ వేడితో నీటిని ఆవిరిగా మార్చి, ఆవిరి టర్బైన్‌ను తిప్పుతారు.

పగలు దోనెల వంటి పొడవాటి అద్దాలు ఎండను నూనె గొట్టాలపై కేంద్రీకరిస్తాయి. కాగిన నూనె మరికొంత ఆవిరిని పుట్టిస్తుంది. అదీ ఆ టర్బైన్‌కే చేరుతుంది. 150 మెగావాట్లలో సుమారు 25 సూర్యుని వాటా.

మరి రాత్రి టర్బైన్ ఆగిపోతుందా? ఆగదు, పొగవేడి ఉందిగా! తరిగిపోయే ఇంధనం నుంచి ఇలా ఎక్కువ విద్యుత్తు రాబట్టవచ్చు.