బాటిల్ పామ్: మన ద్వీపవృక్షమును బాధ్యతతో పెంచు విధము



మన పూర్వులు పుట్టిన తెలుగు దేశమున తాటి, ఈత, కొబ్బరి చెట్లు ఒకే కుటుంబమునకు చెందినవి. తాటియాకుల మీదనే మన పెద్దలు పురాణములను వ్రాసికొనిరి. ఆ కుటుంబములోనిదే యగు ఒక చిన్న వృక్షము మన మారిషస్ దేశమునకు సొంతమైనది. దానిని ఇంగ్లీషున బాటిల్ పామ్ అనియు, ఫ్రెంచివారు పల్మిస్త్ బుతేయ్ అనియు పిలుతురు. మొదలు సీసావలె ఉబ్బి, పైకి పోయినకొలది సన్నగిల్లి, తలపై కొలదిపాటి ఆకులతో అది నిలిచియుండును. ఇండ్ల ముంగిళ్ళలోను, హోటళ్ళ తోటలలోను దీనిని మనము తరచుగా చూచుచున్నాము. ఇంత సామాన్యముగా కనబడు చెట్టు అడవిలో అంతరించు దశకు వచ్చినదన్న నమ్మశక్యము కాదు. అది ఎట్లు జరిగినదో, దానిని ఎట్లు పెంచవలెనో తెలిసికొనుటయే ఈ పాఠము.

జన్మస్థానము

మారిషస్‌కు ఉత్తరముగా సుమారు 22 కిలోమీటర్ల దూరమున సముద్రమధ్యమున రౌండ్ ఐలండ్ అను చిన్న దీవి కలదు. బాటిల్ పామ్ తనంత తానుగా మొలచి పెరుగు చోటు అదియే. 19వ శతాబ్దమున మనుష్యులు ఆ దీవిలో మేకలను, కుందేళ్ళను విడిచిరి. అవి మొలచిన ప్రతి మొక్కను మేసివేసినవి. ముసలి చెట్లు తుఫానులకు కూలుచుండగా, వాటి స్థానమున నిలువవలసిన లేత మొక్క ఒక్కటియు మిగులలేదు. వేళ్ళు పట్టవలసిన మట్టి కూడ వానకు కొట్టుకొని సముద్రములో కలిసినది. తుదకు అచ్చట పెద్ద చెట్లు పదికి లోపుగా మాత్రమే మిగిలినవి.

1979 నాటికి మేకలను, 1986లో కుందేళ్ళను ఆ దీవి నుండి పూర్తిగా తొలగించిరి. అటుపిమ్మట విత్తనములు మరల మొలకెత్తసాగినవి. మొక్కలు నాటు పని, కలుపు తీయు పని అచ్చట శ్రద్ధతో సాగినవి. లోగడ నశించిన స్థానిక తాబేళ్ళు చేయు పనికై 2007లో ఇతర ద్వీపజాతుల తాబేళ్ళను కూడ అచ్చట విడిచిరి. మనుష్యుడు చేసిన తప్పును మనుష్యుడే దిద్దుకొనవచ్చునని ఈ కథ మనకు తెలుపుచున్నది.

ఒంటరి తోబుట్టువు

బాటిల్ పామ్ జాతికి శాస్త్రజ్ఞులు హయోఫోర్బే అని పేరు పెట్టిరి. ఇందు ఐదు రకములు కలవు. మూడు మారిషస్‌వి, ఒకటి రోడ్రిగ్స్‌ది, ఒకటి రియూనియన్‌ది. లోకమున మరెచ్చటను ఇవి సహజముగా పుట్టలేదు. మారిషస్ రకములలో ఒకదానికి ప్రపంచమంతటను ఒక్కటే చెట్టు మిగిలియున్నది. అది క్యూర్‌పిప్ ఉద్యానవనమున నున్నది. దానికి మగపువ్వులు ముందు విచ్చి రాలిపోవును, ఆడపువ్వులు పిమ్మట విచ్చును. అందుచేత ఆ చెట్టు తన పుప్పొడితో తాను కాయుట మిక్కిలి కష్టము. ప్రయోగశాలలో దాని పిండము నుండి మొక్కలను పెంచిరి గాని, బయటకు మార్చిన పిమ్మట అవి బ్రతుకలేదు. ఒక్కటే మిగులు వరకు వేచియున్నచో ఎంత విద్యయు చాలదని ఆ చెట్టు మనకు బోధించుచున్నది. దాని తోబుట్టువగు బాటిల్ పామ్ విషయమున మనకింకను సమయము కలదు.

విత్తనము నుండి మొక్క

పండి రాలిన పండ్లను తీసికొని, గుజ్జును తొలగించి, విత్తనములను రెండు దినములు నీటిలో నానవేయవలెను. కొన్ని తాళజాతుల గుజ్జు చర్మమునకు దురద కలిగించును గనుక చేతులకు తొడుగులు వేసికొనుట మేలు. ఇసుకయు, బాగుగా మాగిన ఎరువుమట్టియు కలిపి, అడుగున రంధ్రములున్న కుండీలో విత్తనము మునుగునంత లోతున నాటవలెను. మట్టి తడిగా నుండవలెను గాని నీరు నిలువరాదు. వెచ్చని చోటు అవసరము.

ఇక కావలసినది ఓర్పు. మొలకెత్తుటకు నెలలు పట్టును. అన్నియు ఒకేసారి మొలవవు. నేను మొదట ఏడు విత్తనములు నాటి, మూడు నెలలు చూచి, అవి చచ్చినవని తలచి కుండీని పెరటిలో బోర్లించితిని. ఆ మట్టిలో రెండు విత్తనములకు తెల్లని మొలక వచ్చియుండెను. నా తొందర వలన అవి విరిగిపోయినవి. ఓర్పు వహింపుడని ప్రతిదినము పిల్లలకు చెప్పు నేను ఆ దినమున సిగ్గుపడితిని.

మొక్కకు కొన్ని ఆకులు వచ్చిన పిమ్మట వేళ్ళకు దెబ్బ తగులకుండ, మంచి ఎండ తగులు చోట నాటవలెను. మాటిమాటికి చోటు మార్చరాదు. ఉప్పుగాలిని ఇది సహించును గాని చలిని సహింపదు. ఎదుగుదల చాల నెమ్మది. సాధారణముగా మూడు నాలుగు మీటర్లకు మించదు. సీసావలె నున్నదని దాని బోదెలో త్రాగునీరు కలదని కొందరు తలతురు. అది నిజము కాదు. దానిని గాటు పెట్టి చూడరాదు.

పాటింపవలసిన నియమములు

1. అడవి నుండి గాని, రక్షిత దీవుల నుండి గాని విత్తనమును, మొక్కను తేరాదు. నమ్మకమైన నర్సరీలో ఎచ్చటి విత్తనమో అడిగి కొనవలెను.

2. విత్తనము వచ్చిన చోటు, నాటిన తేదీ ఒక పుస్తకమున వ్రాసి యుంచవలెను. వంశము తెలియని మొక్క తోటకు అందమే గాని సంరక్షణకు పనికిరాదు.

3. రోడ్రిగ్స్ రకమునకు బోదె మొదట గాక నడుమ ఉబ్బి యుండును. ఆ రెండును ప్రక్కప్రక్కన నున్నచో సంకరమగును. అట్టి విత్తనమును అసలు జాతి యని ఎవరికిని ఇవ్వరాదు. ఇది వృక్షశాస్త్ర నియమము మాత్రమే. మనుష్యులకు దీనిని అన్వయింపరాదు.

4. తోటలోని మొక్కను, మట్టిని స్వయముగా దీవులకు కొనిపోరాదు. మట్టితో చీమలు, తెగుళ్ళు, కలుపు విత్తనములు వెళ్ళును. దీవులలో నాటుట అనుమతి గల నిపుణుల పని.

5. పండుగ పందిళ్ళకు దీని ఆకులు కోయరాదు. దీనికి ఉన్నవే కొలది ఆకులు. ఎండిన ఆకు తనంత తానే రాలును. అలంకారమునకు మామిడాకులు, కొబ్బరాకులు చాలును.

6. స్థలమున్నచో ఒక్కటి గాక, వేర్వేరు తల్లిచెట్ల సంతానమును మూడు నాలుగు నాటవలెను.

మన ఋణము

కోరంగి రేవు నుండి ఓడలెక్కి వచ్చి, కోరంగీలని పిలువబడిన మన పూర్వులు ఈ గడ్డపై చెఱకు పండించిరి. పొలములలో నేటికిని కనబడు రాళ్ళ గుట్టలు కూలీల చేతులు పేర్చినవే. ఆ చెఱకు భూములు అంతకుముందు అడవులు. నేడు ఈ ద్వీపమున చెడని సహజవనము నూటికి రెండు పాళ్ళు కూడ లేదు. అడవి నరుకుట మన పూర్వుల నిర్ణయము కాదు. ఆజ్ఞ ఇచ్చినవారు వేరు. అయినను ఆ నేల అన్నమునే మనము తింటిమి. ప్రాణికోటికి మన అన్నములో భాగమిచ్చుట భూతయజ్ఞమని మన ధర్మము చెప్పుచున్నది. ఈ నేల బిడ్డకు మన ముంగిట చోటిచ్చుట కూడ అట్టిదే. ఉగాది నాడు నాటిన విత్తనము మన మనుమల కాలమునకు కాయలు కాయును. వారికి మనము చెప్పవలసిన కథ అప్పుడు చెట్టుగా నిలిచియుండును.

అభ్యాసము: (1) మేకలు, కుందేళ్ళు పోయిన పిమ్మట రౌండ్ ఐలండ్‌లో ఏమి మారినది? (2) క్యూర్‌పిప్ చెట్టు తన పుప్పొడితో తాను కాయుట కష్టమగుటకు కారణమేమి? (3) మీ యింటి వద్ద నున్న బాటిల్ పామ్ విత్తనము ఎచ్చటిదో పెద్దలనడిగి వ్రాయుడు.

స్వస్తి.