తెర వెలిగినంత మాత్రమున

చిరంజీవి మేనకోడలికి మేనమామ ఆశీర్వదించి వ్రాయునది.

నీ యుత్తరము చేరినది. ఇంటి కంప్యూటరులోని 8 జీబీ ర్యామునకు తోడుగా మరియొక 8 జీబీ ర్యామును కొని తెచ్చి నీవే బిగించితివనియు, మొదట ఫ్యాను తిరిగినదే కాని తెర వెలుగలేదనియు, ఊడదీసి మరల బిగింపగా వెలిగి 16 జీబీ చూపినదనియు, అంతటితో పని యైనదని క్యాబినెట్టు మూసివేసితివనియు, అది మొదలు అప్పుడప్పుడు నీలితెర వచ్చి యంత్రము తనంతట తానే ఆగి మొదలగుచున్నదనియు, నిన్న ఒక ఎక్సెల్ ఫైలు ఎంతకును తెరుచుకొనలేదనియు వ్రాసితివి. దుకాణమువారు విండోస్‌ను మరల ఇన్‌స్టాల్ చేయుమనిరట. అమ్మాయీ, ఆ పని యిప్పుడు చేయవలదు.

తెర వెలుగని కంప్యూటరు వలన కలుగు నష్టము స్వల్పము. వెలిగి లోలోపల తప్పులు చేయు కంప్యూటరు వలన కలుగు నష్టమే అధికము. నీవు తెరచిన ప్రతి పత్రమును, నకలు తీసిన ప్రతి ఫొటోయును, డిస్కునుండి డిస్కునకు పోవునపుడు సైతము, ర్యాము గుండా పోవలసినదే కదా. అచ్చట ఒక్క బిట్టు సున్నకు మారుగా ఒకటియై నిలిచినచో, డిస్కు ఎంత మంచిదైనను, తనకు అందిన తప్పునే నమ్మకముగా భద్రపరచును. సర్వర్లలో ఇట్టి దోషములను కనిపెట్టి సరిదిద్దు ఈసీసీ మెమొరీని వాడుదురు. సాధారణముగా ఇండ్లలోని డెస్క్‌టాపులకు ఆ రక్షణ ఉండదు. కాబట్టి తప్పు జరిగినట్లు యంత్రమునకే తెలియదు. నీ ఎక్సెల్ ఫైలు ఇట్లే పాడయ్యెనని నేను నిశ్చయముగా చెప్పజాలను గాని, క్రొత్త ర్యాము వచ్చిన పిమ్మటనే నీలితెరలు మొదలైనప్పుడు ముందుగా శంకింపవలసినది విండోస్‌ను కాదు, ర్యామునే. పైగా చెడిన ర్యాముతో విండోస్‌ను మరల ఎక్కించినచో, ఆ ఎక్కించుట కూడ ర్యాము గుండానే జరుగును గనుక, క్రొత్త విండోస్ సైతము తప్పులతోనే వచ్చి కూర్చుండవచ్చును. ఈ కారణము చేతనే సందేహము తీరువరకు బయాస్ అప్‌డేటు జోలికిని పోవలదు.

మొదట బిగింపును చూడుము. స్విచ్చి ఆపుటతో సరిపెట్టక ప్లగ్గు ఊడదీసి, పవర్ బటనును కొన్ని క్షణములు నొక్కి పట్టినచో లోపల మిగిలిన విద్యుత్తు పోవును. కొన్ని మదర్‌బోర్డుల మీద ప్లగ్గు ఉన్నంతవరకు ఒక చిన్న దీపము వెలుగుచుండును; అది ఆరిన గాని చేయి పెట్టరాదు. ముందుగా క్యాబినెట్టులో రంగు లేని ఇనుప భాగమును తాకినచో శరీరమునందలి స్థిర విద్యుత్తు దానికి పోవును. ర్యామును అంచులు పట్టుకొని తీయుము. బంగారు పూత గల పిన్నులను వ్రేళ్ళతో ముట్టకుము. నీది డీడీఆర్4 గనుక వాని సంఖ్య 288, డీడీఆర్3కు 240. రెండింటికిని నడుమనున్న గంటు వేర్వేరు చోట్ల నుండుటచే ఒకదాని స్లాటులో మరియొకటి ఇమడదు. నీ ర్యాము స్లాటులో దిగినదనగా తరమునందు పొరపాటు లేదన్నమాట.

అయితే దిగుట వేరు, పూర్తిగా కూర్చుండుట వేరు. కొన్ని బోర్డులలో స్లాటునకు ఒక కొననే క్లిప్పుండును; ఆ క్లిప్పు టక్కుమన్నంతనే పని యైనదనుకొందుము గాని, క్లిప్పు లేని రెండవ కొన వెంట్రుకవాసి పైకి లేచి యుండుట కలదు. అందుచేత రెండు బొటనవ్రేళ్ళతో రెండు కొనలను సమముగా నొక్కి, పిదప కంటిని స్లాటునకు సమముగా తెచ్చి ప్రక్కనుండి చూడవలెను: ఒకవైపు పిన్నుల పసుపుగీత హెచ్చుగా కానవచ్చినచో ఇంకను దిగవలసి యున్నదన్నమాట. తీసి మరల పెట్టగా తెర వెలిగినదని నీవు వ్రాసిన మాటను బట్టి ఇదియే కారణమై యుండవచ్చునని నాకు బలమైన అనుమానము. పిన్నుల మీద మురికి యున్నచో, నూగు రాలని బట్టను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో కొద్దిగా తడిపి తుడిచి ఆరనిమ్ము. రిపేరు దుకాణములలో పెన్సిలు రబ్బరుతో రుద్దుదురు. ఫలితము కనబడుట నిజమే కాని, పలుమార్లు రుద్దినచో పలుచని పూత అరుగును, రబ్బరు పొడి స్లాటులో పడును. నోటితో ఊదుట అసలే కూడదు. తేమ పోయి చేరును.

ఇక పరీక్ష. ఒకసారి ఒక్క మార్పే చేయుము, చేసినది కాగితము మీద వ్రాసికొనుము. పాత ర్యామును ఒంటిగా ఒక స్లాటులో నడిపి చూడుము. దానిని తీసి అదే స్లాటులో క్రొత్తదానిని ఒంటిగా నడుపుము. పిదప క్రొత్తదానిని రెండవ స్లాటునకు మార్చుము. క్రొత్తది ఏ స్లాటులో పెట్టినను తప్పుచున్నచో దోషము దానిదే. ఏ ర్యామైనను ఒకే స్లాటులో తప్పుచున్నచో దోషము ఆ స్లాటుది, లేదా ప్రాసెసరు సాకెట్టులో వంగిన పిన్నుది. ప్రాసెసరు మీది కూలరును ఒకవైపు అతిగా బిగించినను ఇట్లగును. ఒంటరిగా రెండును బాగుగా నడిచి, కలిసినప్పుడే పేచీ వచ్చినచో అది పొత్తు కుదరకపోవుట. పాతది 2400 వేగముది, క్రొత్తది 3200 వేగముది అయినను బోర్డు సాధారణముగా రెండింటిని 2400 వద్దనే నడుపును. దాని వలన చిక్కు లేదు. బయాస్‌లో ఎక్స్‌ఎంపీ అను ఏర్పాటు ఆన్ అయి యున్నచో దానిని ఆపి చూడుము. అప్పటికిని కుదరకున్నచో రెండును ఒకే ప్యాకెట్టులో వచ్చు జతను కొనుటయే ఉత్తమము. పైచీటీ ఒకటే యైనను లోపలి చిప్పులు వేరుగా నుండుట తరచుగా కలదు.

"నడుచుట" యనగా తెర వెలుగుట కాదని మరల చెప్పుచున్నాను. మెమ్‌టెస్ట్86ప్లస్ అను ఉచిత ప్రోగ్రామును పెన్‌డ్రైవు మీదికి ఎక్కించి, విండోస్‌తో నిమిత్తము లేకుండ దాని నుండియే కంప్యూటరును మొదలుపెట్టుము. ఆ పెన్‌డ్రైవులోని పాత ఫైళ్ళు చెరిగిపోవును గనుక ఖాళీదానిని తీసికొనుము. గంటల తరబడి పట్టు పని గనుక రాత్రి పెట్టి ఉదయము చూడవచ్చును. ఒక్క ఎర్రర్ వచ్చినను, "లక్షలలో ఒకటియే గదా" యని ఉపేక్షింపరాదు. ర్యాము విషయమున సహింపదగిన తప్పుల సంఖ్య సున్న.

16 జీబీ పెట్టినను వాడుకకు కొంత తక్కువ చూపుచున్నదేమని చివర అడిగితివి. వేరుగా గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రములలో తెరమీది బొమ్మల కొరకు ర్యాములోనే కొంత భాగము కేటాయింపబడును. అది దోషము కాదు.

దుకాణమునకు పోవునపుడు మెమ్‌టెస్ట్ తెరను ఫోనుతో ఫొటో తీసి, బిల్లుతో సహా చూపుము; వాదింపనవసరము లేకుండ మార్చి యిత్తురు. కాని ఇవన్నియు మొదలుపెట్టుటకు ముందే చేయవలసినది ఒకటి కలదు. మీ నాన్నగారి పొలము కాగితముల స్కాన్లును, మీ అమ్మమ్మ ఫొటోలును ఆ కంప్యూటరులోనే యున్నవని నాకు తెలియును. క్రొత్త ర్యామును నేడే తీసివేసి, ఇన్నాళ్ళు మచ్చలేక నడిచిన పాతదానితో మాత్రమే యంత్రమును నడిపి, వానినన్నిటిని వేరొక డిస్కు మీదికి నకలు తీయుము. తీసిన పిదప కొన్నిటిని తెరచి చూడుము. క్రొత్తది లోపలనుండగా మాత్రము ఒక్క ఫైలునైనను నకలు తీయకుము.

ఇట్లు,
నీ మేనమామ