ఆటలో నైట్, మన చరిత్రలో నాయకుడు



మీ పిల్లలు ఆడే ఆన్‌లైన్ ఫాంటసీ గేముల్లో ‘నైట్’ అనే గుర్రపు వీరుడు తరచూ కనిపిస్తాడు. ఈ నెల సోషల్ పాఠాన్ని ఇంట్లో అక్కడి నుంచే మొదలుపెట్టండి.

నైట్ అంటే ఎవరు?
మధ్యయుగపు యూరప్‌లో చాలామంది నైట్లు ప్రభువు దగ్గర భూమి పొంది, బదులుగా యుద్ధంలో సేవ చేసేవారు. కాకతీయుల నాయంకర విధానం దీనికి దగ్గరిదే. నాయకులు గ్రామాల ఆదాయం అనుభవిస్తూ రాజు కోసం సైన్యాన్ని పోషించేవారు. మన కూసుమంచి గణపేశ్వరాలయం ఆ కాకతీయుల కాలానిదే.

జౌస్టింగ్ అంటే?
ఇద్దరు రౌతులు ఎదురెదురుగా గుర్రాలను దౌడు తీయిస్తూ బల్లేలతో తలపడే పోటీ. ఎదుటివాడి మీద బల్లెం విరిగితే పాయింట్లు. పోటీయే అయినా ప్రాణాలకు ముప్పే: ఫ్రాన్స్ రాజు రెండో హెన్రీ 1559లో ఇలాగే గాయపడి మరణించాడు.

ఇంట్లో చేయించండి
ఈ పోటీని గేముగా మార్చమనండి. వేగానికి ఎన్ని పాయింట్లు? గురికి ఎన్ని? ఓడితే ఏం పోతుంది? నియమాలు కాగితం మీద రాయించండి. చివరగా అడగండి: “నైట్ బిరుదు సేవతో సంపాదించుకోవాలా, డబ్బుతో కొనుక్కోవచ్చా?” చాలా గేములు మన జేబులో చెయ్యి పెట్టేది ఇక్కడే. జవాబు మీరు చెప్పకండి, పిల్లలతోనే చెప్పించండి. తర్వాత ఎప్పుడైనా మిమ్మల్ని యూపీఐ పిన్ అడిగే ముందు వాళ్లే ఒక్క క్షణం ఆగుతారు.